పాత విమానానికి కొత్త దీపం



రాత్రి పూట రన్‌వే మీద దిగేటప్పుడు ముందు దారి కనపడటానికి పాత సెస్నా, పైపర్ విమానాల్లో ఒక గుండ్రటి దీపం ఉంటుంది. కొన్నిటిలో రెక్క అంచున, కొన్నిటిలో ముక్కు కింద. ఎక్కువ విమానాల్లో అది 4509 అనే నంబరు దీపం. 13 వోల్టులు, 100 వాట్లు. గాజు, లోపలి అద్దం, ఫిలమెంటు అన్నీ కలిపి మూసేసిన సరుకు. పోతే మొత్తం తీసి పారేయడమే. దాని ఆయుష్షు తయారీదారుల లెక్క ప్రకారమే 25 గంటలు. చిన్న దీపం నుంచి వీలైనంత వెలుగు పిండాలని ఫిలమెంటును బాగా వేడెక్కిస్తారు, అందుకే అంత తొందరగా తెగుతుంది. దానికి ఇంజను అదురు తోడు. లైటు వేసుకుని దిగుతూ లేస్తూ ఉండే శిక్షణ విమానంలో అది ఎన్నాళ్లు నిలుస్తుందో మీరే ఊహించుకోండి.

నేను ఉండేది ఒమన్‌లో, బాతినా తీరాన, సహంలో. ఇక్కడి నుంచి కారులో అరగంట పైచిలుకు వెళితే సొహార్ విమానాశ్రయం వస్తుంది. ఒమన్ ఏవియేషన్ అకాడమీ అనే పైలట్ శిక్షణ సంస్థ ఉన్నది ఆ ఊళ్లోనే. వాళ్లవి ఈ కాలపు డైమండ్ విమానాలు, కాబట్టి ఇవాళ నేను మాట్లాడబోయే తలనొప్పి వాళ్లకు పెద్దగా లేదు. ఆ తలనొప్పి పాత విమానాలు నడిపే వాళ్లది. సెస్నా 152 తయారీ 1985తో ఆగిపోయింది. అంటే వాటన్నిటిలోకీ వయసులో చిన్నదానికి కూడా ఈపాటికి నలభై నిండాయి. 172ల తయారీ 1986లో ఆగి మళ్లీ 1996లో మొదలైంది. బేగంపేటలో గానీ మన దేశంలోని మరే ఫ్లయింగ్ క్లబ్బులో గానీ పైలట్ అయిన వాళ్లలో చాలామంది మొదట చెయ్యి పెట్టింది ఈ రెండిట్లో ఒకదాని మీదే.

గల్ఫ్ హ్యాంగర్లలో పనిచేసే మన కుర్రాళ్లు కలిసినప్పుడల్లా ఒక మాట అడుగుతుంటారు. "బాబాయ్, ఆన్‌లైన్‌లో ఎల్‌ఈడీ దొరుకుతోంది. అదే కొలత, అవే స్క్రూలు. వెలుగు ఎక్కువ, కరెంటు తక్కువ, పదేళ్లయినా పోదు. పెట్టేస్తే ఏమవుతుంది?"

పెట్టిన రోజు ఏమీ కాదు. లైటు బ్రహ్మాండంగా వెలుగుతుంది. కానీ ఆ నిమిషం నుంచి ఆ విమానం చట్టం దృష్టిలో ఎగరడానికి పనికిరాదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావడమే కొత్తగా ఈ పనిలోకి వచ్చిన వాళ్లకు మింగుడుపడదు.

చట్టం దృష్టిలో విమానం అంటే ఒక ఆమోదించిన డిజైన్. సెస్నా 172కి అమెరికా ప్రభుత్వం ఇచ్చిన టైప్ సర్టిఫికెట్ పత్రం నంబరు 3ఏ12, 150కీ 152కీ కలిపి 3ఏ19. ఆ పత్రం, దాని వెనకున్న డ్రాయింగులు, ఏ నట్టు ఎక్కడిదో చెప్పే పార్ట్స్ కేటలాగ్ కలిస్తేనే ఆ విమానం. రెక్క చివరి దీపం నుంచి సీటు బెల్టు దాకా ప్రతిదీ ఆ డిజైన్‌కు సరిపోవాలి. లేదా ఎక్కడ మారిందో, ఎవరు ఒప్పుకున్నారో కాగితం ఉండాలి. ఊళ్లో పొలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు అడుగుతాం కదా, తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి అమ్మేవాడికి ఎలా వచ్చిందో తేలందే బయానా ఇవ్వం. విడిభాగం సంగతీ అంతే. అమెరికా నుంచి వచ్చినదానికి 8130-3 అనే ట్యాగ్, యూరప్‌దానికి ఈఏఎస్ఏ ఫారం 1, మన దేశంలో సీఏ ఫారం 1. ఆ ట్యాగ్ లేని దీపం ఎంత బాగా వెలిగినా స్టోర్స్‌లో క్వారంటైన్ అరలోనే ఉండాలి.

ఆ తర్వాత చూడాల్సింది విమానం ఏ దేశంలో రిజిస్టరైంది అన్నది. విమానం ఎక్కడ నిలబడి ఉందన్నదానితో పని లేదు. 1944 నాటి చికాగో ఒప్పందం 31వ అధికరణం ప్రకారం ఎయిర్‌వర్దినెస్ సర్టిఫికెట్ ఇచ్చేది, గుర్తించేది రిజిస్టర్ చేసిన దేశమే. తోక మీద ఏ4ఓ అని ఉంటే ఒమన్ సివిల్ ఏవియేషన్ అథారిటీ మాట చెల్లుతుంది. వీటీ అని ఉంటే మన డీజీసీఏ. ఎన్ అక్షరంతో మొదలైతే ఆ విమానం ఒమన్ ఎడారిలో ఉన్నా అమెరికా ఎఫ్ఏఏ నిబంధనే. ఈ తేడా తెలియక అమెరికా వాళ్ల వీడియోలు చూసి వీటీ విమానానికి పని చేయబోయేవాళ్లు ఎక్కువయ్యారు. వీడియో చేసినవాడు అబద్ధం చెప్పలేదు. అతని దేశంలో అది సరైనదే.

ఒక దీపం కోసం ఇంత హడావుడి అవసరమా అంటే, ఏ దీపం అని అడగాలి. ముందు రెక్క, తోక దీపాల సంగతి.

సహం జాలరుల ఊరు. ఇక్కడి పడవల మీద కూడా ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ. ఓడల నియమం ప్రకారం ఆ పక్క దీపాలు ఒక్కొక్కటి 112.5 డిగ్రీల మేర కనపడాలి, వెనక తెల్లదీపం 135 డిగ్రీలు. విమానాలు ఓడల నుంచి రంగులు తీసుకుని కోణాలు మాత్రం కాస్త మార్చుకున్నాయి. పక్కలకు 110, 110, తోకకు 140. ఈ కోణాల గీత తెగినట్టు ఉండాలి. రాత్రి ఆకాశంలో ఎదుటి విమానం ఆకారం కనపడదు, కనపడేది రంగు ఒక్కటే. ఎరుపు కనిపిస్తే దాని ఎడమ పక్క నావైపు ఉందన్నమాట. ఎరుపు, ఆకుపచ్చ రెండూ కనిపిస్తే అది నా ముఖం మీదికే వస్తోంది. కోణం సరిగా లేని దీపం పెడితే పక్కగా పోయే విమానం కూడా ఎదురొస్తున్నట్టు కనపడుతుంది. పైలట్, లేని ప్రమాదాన్ని తప్పించబోయి ఉన్నదాంట్లోకి వెళ్లొచ్చు.

రంగు సంగతి మరీ విచిత్రం. పాత రెక్క దీపంలో ఉండేది మామూలు ఫిలమెంటు బల్బు, రంగంతా పైన ఉన్న గాజుది. కొంతమంది గాజు అలాగే ఉంచి లోపలి బల్బు తీసి తెల్ల ఎల్‌ఈడీ బల్బు పెడతారు. ఫిలమెంటు వెలుగులో ఎరుపు పుష్కలం. ఇప్పటి తెల్ల ఎల్‌ఈడీ మాత్రం అసలుకు నీలం, దాని మీద పసుపు పూత వేసి తెలుపు చేస్తారు. అందులో చిక్కటి ఎరుపు పాలు తక్కువ. అది ఎర్ర గాజులోంచి వచ్చేసరికి వెలుగు నీరసిస్తుంది, రంగు నారింజ వైపు జరుగుతుంది. కింద నిలబడి చూస్తే ఎర్రగానే ఉంది కదా అనిపిస్తుంది. ఏవియేషన్ ఎరుపు అంటే కొలిచి గీసిన హద్దు, ఆ హద్దు దాటితే లెక్కలోకి రాదు. అందుకే పద్ధతిగా తయారైన ఎల్‌ఈడీ రెక్క దీపాల్లో పైన తెల్ల గాజు ఉండి, లోపల ఎరుపు చోట ఎర్ర ఎల్‌ఈడీయే పెడతారు. పగిలిన గాజు దొరకలేదని తెల్ల గాజుకు ఎర్ర రంగు పూసిన విమానాలు కూడా ఉన్నాయి. వాటి గురించి చెప్పడానికి నాకు మర్యాదైన మాటలు లేవు.

ఇక ఎల్‌ఈడీ లోపల కరెంటును చీల్చి ఇచ్చే చిన్న సర్క్యూట్ ఉంటుంది. చౌక సరుకులో దానికి అడ్డుకట్ట సరిగా ఉండదు. విమానాల రేడియో 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ దాకా నడుస్తుంది. లైటు వేయగానే టవరు గొంతు మీద గీరుడు వస్తే కారణం అదే. లైటు ఆర్పితే గీరుడు పోతుంది. రాత్రి దిగే వేళ లైటూ కావాలి, టవరూ వినపడాలి.

రూల్స్ అన్ని దీపాలకూ ఒకే బరువు వేయలేదు. ఇది చాలామందికి తెలియదు. రెక్క, తోక దీపాలకు టీఎస్ఓ సీ30 అనే ప్రమాణం ఉంది. గుద్దుకోకుండా హెచ్చరించే మెరుపు దీపాలకు టీఎస్ఓ సీ96. ల్యాండింగ్ లైటుకు అలాంటి టీఎస్ఓ లేదు. అది నాకు దారి చూపేది, ఎదుటివాడికి సందేశం చెప్పేది కాదు. 4509 స్థానంలో పెట్టడానికి ఎల్‌ఈడీ దీపాలు చట్టబద్ధంగానే వచ్చాయి. అమెరికాలో వెలెన్, ఏరోలెడ్స్ లాంటి కంపెనీలవి పీఎంఏ ఆమోదంతోనో ఎస్‌టీసీతోనో దొరుకుతాయి. పీఎంఏ అంటే విమానం కంపెనీ కాని మరొకరు ఆ భాగం తయారుచేసి అమ్మడానికి ఎఫ్ఏఏ ఇచ్చిన అనుమతి. ఎస్‌టీసీ అంటే ఆ విమానం డిజైన్‌కే అధికారికంగా చేసిన మార్పు. ఎస్‌టీసీతో పాటు ఏయే మోడళ్లకు వర్తిస్తుందో జాబితా ఉంటుంది. డబ్బు కట్టేముందు ఆ జాబితాలో మీ మోడల్, వీలైతే మీ సీరియల్ నంబరు ఉందో లేదో చూసుకోవాలి. అమెరికా ఎస్‌టీసీ వీటీ విమానం మీదికి రావాలంటే డీజీసీఏ గుర్తింపు కావాలి. ఏ4ఓ విమానం మీదికైతే ఒమన్ వాళ్ల గుర్తింపు.

టీఎస్ఓ గురించి ఒక అపోహ ఉంది. డబ్బా మీద టీఎస్ఓ అని ఉంటే పెట్టేయొచ్చనుకుంటారు. ఆ ముద్ర ఆ దీపం ఫలానా ప్రమాణానికి తగ్గట్టు తయారైందని మాత్రమే చెబుతుంది. దాన్ని మీ విమానంలో బిగించవచ్చా లేదా అన్నది వేరే ప్రశ్న, దానికి వేరే అనుమతి. హ్యాంగర్లో జరిగే వాదనల్లో సగం ఈ ఒక్క విషయం దగ్గరే మొదలవుతాయి.

పాత విమానానికి ఒక సౌలభ్యం కూడా ఉంది. అది పుట్టిన నాటి నిబంధనే దానికి చాలావరకు వర్తిస్తుంది. అమెరికా నిబంధనల్లో మెరుపు దీపాలకు 1971 ఆగస్టు 11 ఒక గీత. ఆ తేదీకి ముందు టైప్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసిన విమానంలో అప్పటికే ఉన్న పాత ఎర్ర తిరుగుడు దీపం, వెలుగు తక్కువైనా, కొనసాగొచ్చు. 172 లాంటివి ఈ కోవలోవే. కానీ ఆ తేదీ తర్వాత కొత్తగా బిగించేది మాత్రం కనీసం 1971 ఆగస్టు 10 నాటికి అమల్లో ఉన్న ప్రమాణానికి రావాలి. కాబట్టి పాత తిరుగుడు దీపం మోటారు అరిగిందని తొందరపడి మొత్తం పీకేయకండి. బ్రష్షులు, బేరింగు మార్చి మాన్యువల్ ప్రకారం బాగుచేయగలిగితే పాత నీడలోనే ఉండిపోవచ్చు. ఒహాయోలోని అర్బానాలో వారెన్ గ్రైమ్స్ పెట్టిన ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆ దీపాలు ఎంత గట్టివంటే, విమానం రంగు మూడుసార్లు మారినా అవి అక్కడే ఉంటాయి. ఆ ఊరి విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టారు.

జెనాన్ గొట్టంతో టపటపా మెరిసే స్ట్రోబ్ లైట్ల జోలికి వెళ్లేటప్పుడు మాత్రం కాగితాల కంటే ముందు ప్రాణం చూసుకోవాలి. వాటి పవర్ ప్యాక్‌లో వందల వోల్టులు నిలవ ఉంటాయి. స్విచ్చి ఆపిన వెంటనే చెయ్యి పెట్టకూడదు, మాన్యువల్లో రాసినంత సేపు ఆగాలి. ఏళ్ల తరబడి ఆగిపోయిన విమానంలో ఆ ప్యాక్‌ను ఒక్కసారిగా పూర్తి వోల్టేజీతో వేస్తే కెపాసిటరు దెబ్బతింటుంది కూడా.

అసలు దీపం పోయిందో లేదో ముందు తేల్చుకోవాలి. బాతినా తీరంలో గాలినిండా ఉప్పు, వేసవిలో ఊపిరాడని తేమ. విశాఖ, కాకినాడ తీరాల్లో ఉండి వచ్చిన వాళ్లకు ఇది కొత్త కాదు. అల్యూమినియం రెక్కకు దీపం ఎర్త్ కలిసే చోట తెల్లటి పొడి కడుతుంది. దీపం మసకబారుతుంది, వణుకుతుంది, ఒక్కోసారి ఆరిపోతుంది. పైలట్ లైటు పనిచేయడం లేదని స్నాగ్ రాస్తాడు, మనం దొరకని దీపం కోసం ప్రపంచమంతా వెతుకుతాం. ఆ జాయింటు విప్పి శుభ్రం చేసి, కనెక్టరు దగ్గర వోల్టేజీ కొలిచి చూస్తే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. కొత్త విడిభాగం అక్కర్లేని మరమ్మతును మించిన చట్టబద్ధమైన మరమ్మతు లేదు.

నిజంగానే దీపం పోయి, కంపెనీ తయారీ ఆపేసి, పీఎంఏ కూడా లేకపోతే? అమెరికా వాళ్లు ఇక్కడ కాస్త పెద్దమనసు చూపించారు. వాళ్ల 21.9 నిబంధన ప్రకారం యజమాని తన విమానానికి తానే భాగం తయారు చేయించుకోవచ్చు. స్వయంగా లేతు మీద కూర్చోనక్కర్లేదు. డిజైన్ ఇవ్వడం, ముడిసరుకు ఇవ్వడం, తయారీ పద్ధతి చెప్పడం, నాణ్యత తనిఖీ, పని దగ్గరుండి చూడటం, వీటిలో ఏదో ఒకదాంట్లో నిజంగా పాలుపంచుకుంటే చాలు. అయితే ఆ భాగం అతని విమానానికే, అమ్ముకునే సరుకు కాదు. డిజైన్‌కు సరిపోవాలన్న షరతు ఎలాగూ తప్పదు. 2009లో ఏసీ 23-27 అనే సలహా పత్రం వచ్చింది. 1980కి ముందు సర్టిఫికెట్ పొందిన చిన్న విమానాల్లో దొరకని భాగాలకు, పదార్థాలకు ప్రత్యామ్నాయం ఎలా సమర్థించుకోవాలో అందులో ఉంది. 2022లో ఈఏఏ అనే విమాన ప్రియుల సంఘం చొరవతో వర్మా అనే పథకం వచ్చింది. ఆ పేరు చూసి మనవాడెవరో అనుకోకండి, అది వింటేజ్ ఎయిర్‌క్రాఫ్ట్ పథకం పొట్టి పేరు. చెడిపోయినా విమానానికి పెద్ద ముప్పు రాని భాగాలకు, 5,670 కిలోల లోపు పాత విమానాలకు వర్తిస్తుంది.

నాకు మాత్రం యూరప్ పద్ధతే బాగా నచ్చింది. 2015లో ఈఏఎస్ఏ వాళ్లు సీఎస్ స్టాన్ అని ఒక పుస్తకం తెచ్చారు. తేలికపాటి విమానాలకు తరచూ అవసరమయ్యే మార్పులు అందులో ముందే రాసి ఉంటాయి, ఏ షరతుల మీద చేయాలో కూడా ఉంటుంది. పాత లైట్ల స్థానంలో ఎల్‌ఈడీ పెట్టడం అందులో ఒక మార్పు. షరతులు పాటించి, ఫారం 123 నింపి, లైసెన్సున్న ఇంజనీరు సంతకం చేస్తే సరి, విడిగా అనుమతి కోసం నెలలు ఎదురుచూడనక్కర్లేదు. చిన్న విమానానికి పెద్ద జెట్‌కు పెట్టే తూకం పెట్టనక్కర్లేదని నిబంధన రాసేవాళ్లకే అనిపించింది. బీదగా నడిచే ఫ్లయింగ్ క్లబ్బులకు ఇలాంటి దారి ఎంత అవసరమో వేరే చెప్పాలా? హెచ్ఏఎల్ వాళ్ల పుష్పక్ గుర్తుందా? వి.ఎం. ఘాట్గే బృందం డిజైన్, 1958లో ఎగిరింది, నూట యాభై చిల్లర తయారై ఎక్కువగా దేశంలోని క్లబ్బులకు వెళ్లాయి. అలాంటి విమానానికి ఇవాళ రెక్క దీపం కావాలంటే కేటలాగ్‌లో నంబరు ఉంటుంది, కొట్లో సరుకు ఉండదు.

ఇంత చెప్పినా కాగితం అంటే నాకేమీ మూఢభక్తి లేదు. 1989 సెప్టెంబరు 8న పార్ట్‌నెయిర్ సంస్థ కాన్వెయిర్ విమానం డెన్మార్క్ తీరం దగ్గర సముద్రంలో పడి 55 మంది చనిపోయారు. తోక నిలువు రెక్కను పట్టి ఉంచాల్సిన బోల్టులు నకిలీవని దర్యాప్తులో తేలింది. 2023లో లండన్‌కు చెందిన ఏఓజీ టెక్నిక్స్ అనే సంస్థ నుంచి తప్పుడు పత్రాలతో జెట్ ఇంజను భాగాలు వెళ్లాయని బయటపడి ప్రపంచవ్యాప్తంగా ఎయిర్‌లైన్లు వెతుకులాట మొదలుపెట్టాయి. అక్కడ కాగితం ఉంది, కాగితమే దొంగది. కాబట్టి ట్యాగ్ చూసి తృప్తిపడకండి. దాని మీద సంతకం చేసిన సంస్థకు నేరుగా ఈమెయిల్ చేసి ఈ నంబరు మీరే ఇచ్చారా అని అడగండి. అడగడం అవమానమేమీ కాదు, నిజాయితీ ఉన్న అమ్మకందారు అడిగినందుకు సంతోషిస్తాడు.

ఎల్‌ఈడీల ప్రకటనల్లో సన్న అక్షరాలతో ఒక వాక్యం ఉంటుంది. ఎక్స్‌పెరిమెంటల్ విమానాలకు మాత్రమే అని. ఇంట్లో కట్టుకున్న విమానాల కోసం చేసిన సరుకది. వాళ్లు మోసం చేయడం లేదు, చెప్పే అమ్ముతున్నారు. మనం చదవకుండా కొంటున్నాం.

డబ్బులేక ఈ నెల లైటు మార్చలేకపోతే మార్చకండి. మీ దేశపు నిబంధన ఒప్పుకుంటే ల్యాండింగ్ లైటు పనిచేయదని చీటీ అంటించి, లాగ్‌బుక్‌లో రాసి, పగలు మాత్రమే ఎగరండి. శిక్షణ సంస్థలకు ఎలాగూ రాత్రి తప్పదు. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు అయిదు గంటల రాత్రి అనుభవం, పది టేకాఫ్‌లు, పది ల్యాండింగ్‌లు కావాలి.

అనుమతి చూసుకుని కొత్తది బిగించాక కూడా పని మిగిలే ఉంటుంది. లైటు తక్కువ కరెంటు తాగుతుంది కదా అని బ్రేకరు, వైరు మీ ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. ఎస్‌టీసీ సూచనల్లో ఏముంటే అదే. లైటు వేసి, ఆర్పి, రేడియో అన్ని ఫ్రీక్వెన్సీల్లో విని చూడండి, కంపాస్ సూది కదులుతుందేమో గమనించండి. బరువు కొన్ని గ్రాములే మారినా పరికరాల జాబితాలో రాయండి. లాగ్‌బుక్‌లో ఏ ఆమోదం కింద ఈ పని చేశారో దాని నంబరుతో సహా రాయండి. "లైటు మార్చాము" అన్న రెండు ముక్కలు చాలవు. ఎఫ్ఏఏ కింద అది పెద్ద మార్పు అయితే ఫారం 337 కూడా వెళ్లాలి.

తీసిన పాత దీపం ఫిట్టింగును మాత్రం పారేయకండి. ట్యాగ్ కట్టి, విమానం నంబరు రాసి, పెట్టెలో పెట్టండి. రేపు ఆ విమానాన్ని వేరే దేశానికి అమ్మితే అక్కడి అధికారులు మీ ఎస్‌టీసీని ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు డిజైన్‌లో ఉన్న అసలు దీపమే మళ్లీ బిగించాల్సి వస్తుంది, ఆ రోజుకు అది ఎక్కడా దొరకదు.